కర్మాగారము పొరుగువారికి చెప్పవలసిన లెక్క

ఊరి చివర ఒక కర్మాగారమున్నది. దాని పొగగొట్టము మనకు కనుపించును. దాని కూత మనకు వినిపించును. అందు పనిచేయువారు మన వీధిలోనే కాపురముందురు. అక్కడ తయారగు సరకు పేరు కూడ మనమెరుగుదుము. కాని ఏడాది పొడుగున ఆ గొట్టము నుండి గాలిలోనికిని, ఆ తూము నుండి వాగులోనికిని, ఆ ప్రహరి వెనుకనున్న నేలలోనికిని ఏయే రసాయనములు ఎంతెంత పోయినవో చెప్పుమన్నచో, ఆ వీధిలో ఎవరును చెప్పలేరు. నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు చెప్పుదురు. పొగయే లేకుండ వెలువడు విషములును కలవు. పెక్కు విషవాయువులకు రంగు లేదు. కొన్నిటికి వాసనయు లేదు. ఇట్లు కంటికి కానరానిదానిని అంకెలలో కనబరచుటకు ఏర్పడిన ఒక పద్ధతిని గూర్చి శ్రోతలకు మనవి చేయుదును.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టినది. కాని దానికి కారణమైన ఘోరము మన దేశమున జరిగినది. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలులోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారము నుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడి, నిద్రించుచున్న నగరమును క్రమ్ముకొన్నది. వేలకొలది జనులు మరణించిరి. పరుగెత్తవలెనా, ఇంటనే యుండవలెనా, ముఖమున తడిగుడ్డ కప్పుకొనవలెనా యను సంగతిని ఆ జనులకు ముందుగా చెప్పియుంచినవారు లేరు. తాము చికిత్స చేయుచున్నది ఏ విషమునకో వైద్యులకు సైతము స్పష్టముగా తెలియలేదు. ఆ రాత్రి జనులను చంపినది విషము. ఆ విషమునకు తోడుపడినది అజ్ఞానము.

అట్టిది తమ దేశమున జరుగదని అమెరికా ప్రజలు కొన్నినెలలు ధీమాగా నుండిరి. 1985 ఆగస్టు 11వ తేదిని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున, ఇన్‌స్టిట్యూట్ అను ఊరిలో, అదే కంపెనీ కర్మాగారము నుండి మరియొక విషరసాయనము వెలువడి వందమందికి పైగా ఆసుపత్రుల పాలైరి. దానితో ఆ ధీమా సడలెను. 1986 అక్టోబరు 17వ తేదిని అధ్యక్షుడు రీగన్ ఒక చట్టముపై సంతకము చేసెను. అత్యవసర సన్నాహమును, ప్రజల తెలిసికొను హక్కును కలిపి ఏర్పరచిన చట్టమది. అందలి 313వ సెక్షనే మన ప్రస్తుత విషయము.

ఆ సెక్షను సారాంశమిది. పూర్తికాలపు ఉద్యోగులు 10 మందియో అంతకు మించియో ఉన్న కర్మాగారము, పట్టికలో చేర్చిన రసాయనమును ఏడాదిలో 25,000 పౌండ్లకు మించి తయారుచేసినను, సరకులో కలిపినను, లేదా ఇతర విధముల 10,000 పౌండ్లకు మించి వాడినను, మరుసటి ఏడాది జూలై 1వ తేదిలోగా ప్రభుత్వమునకు నివేదిక సమర్పింపవలెను. గాలిలోనికి పోయినదెంత? నీటిలో కలిసినదెంత? నేలలో పూడ్చినదెంత? లోతైన బావులలోనికి దింపినదెంత? ఇతర స్థలములకు పంపినదెంత? ఏడాదిలో ఎప్పుడైనను ఆవరణలో అత్యధికముగా నిలువయుండినదెంత? వీనికన్నిటికి రసాయనమునకొక పత్రము చొప్పున జవాబు వ్రాయవలెను. మొదట పట్టికలో మూడువందలకు పైగా నున్న రసాయనములు నేడు సుమారు 800 అయినవి.

ఇంతవరకు ఇది సామాన్యమైన సర్కారు కాగితమే. కాని ఈ కాగితము బీరువాలో పడియుండరాదనియు, కంప్యూటరు ద్వారా ఎవరైనను చూచుకొనుటకు వీలుగా నుండవలెననియు చట్టమే శాసించినది. దాని మహిమ అందున్నది. నివేదిక ఇయ్యనివారికి జరిమానా కలదు. కాని అధికముగా విడుదల చేసినందుకు ఈ సెక్షను క్రింద జరిమానా లేదు. ఒక్క పౌనైనను తగ్గింపుమని ఇది ఎవరిని ఆజ్ఞాపింపదు. లెక్క చెప్పుమని మాత్రమే అడుగును.

లెక్క చెప్పినంత మాత్రమున ఏమగునని సందేహము కలుగవచ్చును. మొదటి నివేదికలు 1987 సంవత్సరమునకు సంబంధించినవి. అవి 1988 జూలై 1 నాటికి చేరవలసియుండెను. దానికి సరిగా ఒకనాడు ముందు, జూన్ 30వ తేదిని, మాన్‌శాంటో కంపెనీ అధ్యక్షుడు రిచర్డ్ మహోనీ తమ కర్మాగారములు గాలిలోనికి విడుచు విషరసాయనములను 1992 చివరకు నూటికి 90 వంతులు తగ్గింతుమని ప్రకటించెను. ఏ న్యాయస్థానమును ఆయనను ఆజ్ఞాపింపలేదు. తమ అంకెలు పత్రికలలో తమ పేరుతో అచ్చగుననియు, పొరుగువారు చదువుదురనియు తెలియుటయే చాలినది.

ఇక ఈ లెక్క కట్టు విధానమును చూతము. ప్రతి గొట్టమునకు యంత్రమమర్చి కొలువవలెనని చట్టము చెప్పదు. తమయొద్దనున్న వివరములతో సమంజసమైన అంచనా కట్టిన చాలును. అందొక పద్ధతి మన గృహిణులకు కొత్తది కాదు. సంక్రాంతికి గాదెలో 10 బస్తాల ధాన్యము పోసితిమి. ఏడాదిలో 7 బస్తాలు వాడుకొంటిమి, 1 బస్తా బంధువుల కిచ్చితిమి, 1 బస్తా మిగిలినది. తక్కిన బస్తా ఏమైనది? ఎలుకలు తిన్నవో, తేమకు చెడినదో కాని, అది పోయిన మాట నిజము. కర్మాగారమును అట్లే వచ్చిన రసాయనము నుండి సరకులో చేరినదానిని, మిగిలినదానిని తీసివేసి, పోయినదానిని కనుగొనును. పోయినది తాము వెలపెట్టి కొన్న ముడిసరకే గదా! తమ ధనమెంత గాలిలో కలియుచున్నదో యజమానులకే ఈ పత్రము నింపునపుడు తెలియవచ్చును.

ఈ లెక్కను చదువుటలో జాగ్రత్త అవసరము. ఇది అంచనా గనుక, అంచనా కట్టు పద్ధతి మారినప్పుడు విషము తగ్గకయే అంకె తగ్గవచ్చును. బరువును బట్టి అపాయమును నిర్ణయింపరాదు: ఒక రసాయనము వేయి పౌండ్లకన్న మరియొకటి చిటికెడు ప్రమాదకరము కావచ్చును. అందుచేతనే 2000 సంవత్సరము నుండి పాదరసమునకు 10 పౌండ్లు, డయాక్సినులకు గ్రాములో పదవ వంతు దాటిననే నివేదిక ఇయ్యవలెనని నిర్ణయించిరి. విడుదలయైనదంతయు మన ఊపిరిలో చేరినదనియు అనుకొనరాదు; గాలి వాటమును, దూరమును చూడవలెను. చిన్న కార్ఖానాలు ఈ లెక్కలోనికే రావు.

అన్నిటికి మించి, ఇది గడచిన ఏడాది లెక్క. ప్రమాదపు రాత్రి మనలను మేల్కొలుపునది కాదు. 2020 మే 7వ తేది తెల్లవారుజామున విశాఖపట్టణము చెంత వెంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. సైరన్ల ఏర్పాటుండియు మ్రోగింపలేదని ప్రభుత్వము నియమించిన సంఘము తెలిపెను. ఆ వేళకు కావలసినది సైరను, నివేదిక కాదు. అయినను, ఆవరణలో ఏది ఎంత నిలువయున్నదో ఏటేట చదువుకొను గ్రామము, సైరను సరిగానున్నదా యని ముందే అడుగగలదు.

ఈ విధమైన బహిరంగ పట్టికలు నేడు కెనడా, జపాను, ఐరోపా దేశములలో కలవు. మన దేశమున నియమములు లేవని చెప్పరాదు. 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు చేసిన సవరణ, ప్రమాదకర పరిశ్రమల యజమానులు కార్మికులకే గాక పరిసర ప్రజలకును అపాయములను తెలుపవలెనని విధించెను. పరిశ్రమలు ఏటేట పర్యావరణ నివేదికను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి సమర్పింపవలెనను నియమము 1992లో వచ్చెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అట్టి పత్రములను పౌరుడు కోరవచ్చును. కాని అర్జీ పెట్టుకొన్న పిదప చేతికి వచ్చు కాగితము వేరు. అడుగకయే ప్రతివారికి అందుబాటులోనుండు లెక్క వేరు. మొదటిది పట్టుదల గల ఒక్కరికి దొరకును; రెండవది ఊరందరిది.

కర్మాగారములు వలదని నా మనవి కాదు. మందులు, ఎరువులు, రంగులు, ఈ రేడియో పెట్టె సైతము వానినుండియే వచ్చినవి. వేలకొలది కుటుంబములకు అవి అన్నము పెట్టుచున్నవి. కాని ఒకే గాలి పీల్చువారు ఒకరికొకరు లెక్క చెప్పుకొనుట మర్యాద. కావున ఊరి చివర గొట్టమును చూచినప్పుడు మూడు ప్రశ్నలు జ్ఞాపకముంచుకొనుడు: అక్కడ ఏమి నిలువయున్నది? ఏడాదికి ఎంత బయటకు పోవుచున్నది? కిందటి ఏటికన్న తగ్గినదా? గ్రామసభలోనో, కర్మాగారపు అధికారి యెదుటనో ఈ ప్రశ్నలను నెమ్మదిగా అడుగుడు. చెప్పిన జవాబును వ్రాసి యుంచుకొని, మరుసటి ఏడును అడుగుడు.