రంజాన్ నెలలో ఇంటి పనివారి వేళలు

(సూరత్‌లోని వడోద్‌లో తెలుగువారి సమావేశమందు చేసిన ప్రసంగ పాఠం)



మరమగ్గాల మీద పన్నెండు గంటల పాళీ ఎట్టిదో సూరత్‌లో బ్రతికే తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. మగ్గం దగ్గర పాళీ మారితే పని ముగిసినట్లే. వంటింటికి అట్టి పాళీ లేదు. రంజాన్ మాసంలో ఈ భేదం మరింత స్ఫుటంగా కనబడుతుంది.

2025లో తెలంగాణ ప్రభుత్వం మార్చి 2 నుండి 31 వరకు తన ముస్లిం ఉద్యోగులకు సాయంత్రం నాలుగు గంటలకే ఇళ్లకు వెళ్లే అనుమతి ఇచ్చింది. ఉచితమైన ఏర్పాటే. కాని ఆ ఉద్యోగి ఇంట ఇఫ్తార్‌కు పిండివంటలు చేసే పనిమనిషి తానూ ఉపవాసంలో ఉన్నా, ఆ ఉత్తర్వు ఆమెకు వర్తించదు.

కడప, గోదావరి జిల్లాల స్త్రీలు ఎందరో ఇంటిపనికై వెళ్లే కువైట్‌ను చూడండి. అక్కడి 2010 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టం వారానికి 48 గంటల పనిని రంజాన్‌లో 36 గంటలకు తగ్గించింది. ఇంటి పనివారిని మాత్రం తన పరిధిలో చేర్చలేదు. వారికై 2015లో వచ్చిన వేరొక చట్టం రోజుకు 12 గంటల గరిష్ఠ పరిమితి విధించింది. అసలు లేనిదానికంటె అది మేలే. అయితే రంజాన్‌లో పనిదినం రెండు కొసలా సాగుతుంది. తెల్లవారకముందే సహరీ వంట, సూర్యాస్తమయానికి ఇఫ్తార్, తరావీ నమాజు పిదప అతిథుల రాక, అర్ధరాత్రి దాక అంట్లు. పని పన్నెండు గంటలకు మించకున్నా నిద్ర ముక్కలవుతుంది. ఐక్య అరబ్ ఎమిరేట్ల 2022 నాటి చట్టం రోజుకు 12 గంటల విశ్రాంతిలో ఎనిమిది గంటలు ఎడతెగకుండా ఉండాలన్నది. నా దృష్టిలో ఆ ‘ఎడతెగకుండా’ అన్న మాటే ప్రాణం.

హిందీ నుండి తెలుగు చేయడం నా వృత్తి. హిందీలో ‘ఛుట్టీ’ అంటే సెలవు. పనిలోనుండి తీసివేయడానికీ అదే మాట. పనిమనిషి ఆ మాట నోట రానీయక జంకడంలో వింత లేదు. కనుక వేళల ప్రస్తావన యజమానురాలే ముందుగా తేవాలి. సహరీ పదార్థాలు రాత్రే సిద్ధం చేయించి, వడ్డన ఇంటివారే చూసుకోవచ్చు. ఇంట్లోనే ఉండే పనిమనిషిని మధ్యాహ్న నమాజు మొదలు అసర్ దాక పిలువకుండ ఉండవచ్చు. బయటినుండి వచ్చే ఆమెను సూర్యాస్తమయానికి ముందే, తన పిల్లలతో ఉపవాసం విరమించేందుకు పంపవచ్చు. తగ్గిన గంటలకు జీతం కోయబోమని కూడ నెల ఆరంభంలోనే స్పష్టంగా చెప్పాలి. ఈదుకు ఇచ్చే చీర ఆ లెక్కలోనిది కాదు.