ఇంటి లెక్క

స్తోత్రములన్నీ అల్లాహ్‌కే. అప్పును వ్రాసి ఉంచుకోవాలని దివ్య ఖుర్ఆన్, బఖరా సూరా 282వ వచనంలో ఆదేశిస్తున్నది. మరి ఇంటి ఖర్చును మనమెందుకు వ్రాయము? విజయనగరం జూట్ మిల్లులలో, పలాస జీడిపప్పు పరిశ్రమలో చెమటోడ్చి తెచ్చిన కూలి ఏమైనదో తెలియక, నెలాఖరుకు వడ్డీ వ్యాపారి గుమ్మమెక్కుతున్నాము. వడ్డీ నిషిద్ధమని ఎరిగీ ఎక్కుతున్నాము.

నేడు ఇషా నమాజు తరువాత ఇల్లాలితో కూర్చొని ఒక కాగితంపై గడులు గీద్దాము. ఒకవైపు రాబడి, మరొకవైపు అద్దె, బియ్యం, పిల్లల ఫీజులు. బాకీ గడిని పైన పెడదాము. చిన్నదైనా దానానికొక గడి విడిచిపెడదాము. పెళ్లి ఆర్భాటాలు ఏ గడిలోనూ ఇమడవని అప్పుడు తెలియగలదు. ఫుర్ఖాన్ సూరా 67వ వచనం దుబారాకూ పిసినారితనానికీ నడిమి మార్గాన్ని చూపుతున్నది. ప్రళయదినాన సంపాదనకూ, ఖర్చుకూ లెక్క చెప్పవలసినవారము మనము. అల్లాహ్ మనలను రుణభారము నుండి కాపాడుగాక! ఆమీన్.