స్టీరింగు లోపములు – మరమ్మతు మోసములు

(విశాఖపట్నము ద్వారకా నగర్‌లో పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఈ ద్వారకా నగర్‌లోని బస్సు కాంప్లెక్సునకు ఆనందపురము, పద్మనాభము, భీమునిపట్నము ప్రాంతముల నుండియే గాక, అనంతగిరి కనుమ దారిన అరకు నుండియు జనులు నిత్యము వచ్చి పోవుచుందురు. వెనుకటి కాలమున బండి చక్రము కిఱ్ఱుమనగానే లోపమెక్కడ నున్నదో మన పెద్దలు చెవితోనే కనిపెట్టెడివారు. నేడు గ్రామములలో కార్లు, ట్రాక్టర్లు, చెత్త తరలించు ఆటోలు పెరిగినవి గాని ఆ కనిపెట్టు నేర్పు మాత్రము పెరుగలేదు. అందువలన ప్రాణమునకు ముప్పు, ధనమునకు నష్టము కలుగుచున్నవి.

స్టీరింగు లోపములు సాధారణముగా ముందుగానే హెచ్చరిక చేయును. ఆ హెచ్చరికలు ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది, బండి ఒక ప్రక్కకు లాగుట. వాన నీరు జారిపోవుటకై రోడ్డును అంచుల వైపు వాలుగా వేయుదురు. మనము ఎడమ ప్రక్కన నడుపుదుము గనుక ఎడమకు కొలదిగా లాగుట సహజము. కావున చదునైన చోట పరీక్షింపవలెను. టైర్లు చల్లగా నున్నప్పుడు గాలి కొలిపించి, రెండు ప్రక్కలను సమముగా నుంచవలెను. అప్పటికిని లాగుచున్నచో ముందు టైర్లను రెండింటిని అటుది ఇటు, ఇటుది అటు మార్పించి చూడుడు. లాగుడు కూడ దిక్కు మారినచో దోషము టైరుదే. కొంత దూరము నడిపిన తరువాత ఒక చక్రము రెండవదానికన్న మిక్కిలి వేడిగా నున్నచో అచట బ్రేకు పట్టి యుంచుచున్నదని అనుమానింపవచ్చును. ఇవి చూచిన పిమ్మటనే అలైన్‌మెంటు మాట.

రెండవది, ఒకానొక వేగమున స్టీరింగు వణకుట. చక్రముల బ్యాలెన్సింగు తప్పుట, గోతిలో పడి రిమ్ము వంగుట ఇందుకు కారణములు. వానకాలమున రిమ్ము లోపల ఎండిన బురద కూడ ఈ వణుకు పుట్టించును. దానిని కడిగించుటకు ఖర్చేమున్నది?

మూడవది, వదులు. స్టీరింగు కొంత తిప్పినను చక్రము కదలకుండుట మిక్కిలి ప్రమాదకరము. ఒకరు స్టీరింగును స్వల్పముగా అటునిటు తిప్పుచుండగా, మరియొకరు ప్రక్క నుండి టై రాడ్ కీళ్లను గమనించినచో అరుగుదల కనబడవచ్చును. రబ్బరు తొడుగు చినిగినచో దుమ్ము, నీరు లోపల చేరి కీలు త్వరగా అరిగిపోవును. తీర ప్రాంతమున ఉప్పుగాలి తుప్పును మరింత త్వరపరచును. ఇట్టి బండిని బాగుచేయించు వరకు నడుపరాదు.

నాలుగవది, బరువెక్కుట. ముందు గాలి చూడవలెను. పిమ్మట నూనెతో పనిచేయు పవర్ స్టీరింగైనచో నూనె మట్టమును, బెల్టును. విద్యుత్తుతో పనిచేయునదైనచో బ్యాటరీని, హెచ్చరిక దీపమును చూడవలెను. కనుమ దారిలో డీజిలు ఆదాయని ఇంజను ఆపి దిగువకు జారుట ప్రాణాంతకము. ఇంజను ఆగినచో స్టీరింగునకును, బ్రేకునకును అందు సహాయము తగ్గిపోవును. తాళము తీసినచో స్టీరింగే బిగిసిపోవచ్చును.

ఇక మరమ్మతు సంగతి. గాజువాక ఆటోనగర్ మొదలగు చోట్ల నిజాయితీపరులైన పనివారు ఎందరో కలరు. మంచివాడు అరిగిన భాగమును మీకు చూపించి గాని మార్చడు. బండిని నడిపి చూడకయే “రాక్ అంతయు మార్చవలె” నని చెప్పువానిని నమ్మరాదు. చిన్న కీలు మార్చిన సరిపోవు చోట రాక్ మార్చుట ఎంతటి వ్యయమో ఆలోచింపుడు. అరిగిన కీలుండగా అలైన్‌మెంటు చేయించుట వ్యర్థము, కొలతలు నిలువవు. కీలు మార్చిన తరువాత చేయించి, మునుపటి కొలతలు, తరువాతి కొలతలు కల కాగితమును అడిగి తీసికొనవలెను.

పంచాయతీ బండికైనచో ఈ జాగ్రత్తలు మరింత అవసరము. అది ప్రజల సొమ్ము. దానిపై తిరుగువారు మన పారిశుద్ధ్య కార్మికులు. రెండు చోట్ల అంచనా వ్రాయించుడు. మీ అనుమతి లేనిదే అదనపు పని చేయరాదని అందులోనే వ్రాయించుడు. పాత భాగమును తిరిగి తీసికొనుడు. తేదీ, కిలోమీటర్లు, లోపము, మార్చిన భాగము, బిల్లు సంఖ్య ఒక పుస్తకమున వ్రాయుడు. డ్రైవరు నడిపి చూచి తృప్తి చెందిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు.

మోసపోయిన గ్రామస్థునకు చట్టము అండగా నున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బిల్లు ఇయ్యకుండుట అనుచిత వ్యాపార పద్ధతి. తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండు సంవత్సరములలోపున ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తము 5 లక్షల రూపాయల లోపైనచో రుసుము లేదు. న్యాయవాది లేకుండ తానే వాదించుకొనవచ్చును. 1915 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. అయితే బిల్లు, అంచనా కాగితము చేతిలో లేనివాని మాటకు బలము తక్కువ.

కావున సభ్యులారా, వచ్చు సమావేశముననే మీ పంచాయతీ బండికి మరమ్మతు పుస్తకము తెరువుడు. డ్రైవరు “స్టీరింగు తేడాగా నున్నది” అని చెప్పిన దినముననే ఆ మాటను అందు వ్రాసి, బండిని నిలుపుడు. ఒక దినము చెత్త ఆలస్యమైనను సరిదిద్దుకొనవచ్చును. పోయిన ప్రాణమును తేలేము.