బడికి వెళ్లిన జ్వరం



నాట్ల రోజులు. తెల్లారేసరికి తల్లి కూలికి పోవాలి. పిల్లవాడి ఒళ్లు కాలుతోంది. ముక్కు కారుతోంది. తల్లి ఏం చేస్తుంది? జ్వరం మాత్ర వేసి బడికి పంపుతుంది. ఇంట్లో చూసేవాళ్లు లేరు. బడిలో అయితే మధ్యాహ్నం అన్నం, గుడ్డు దొరుకుతాయి. ఆమెను తప్పు పట్టలేం. కాని ఆ జ్వరం ఫ్లూ అయితే?

ఫ్లూ మామూలు పడిశం కాదు. ఉన్నట్టుండి జ్వరం వస్తుంది. ఒళ్లంతా నొప్పులు, పొడి దగ్గు, గొంతు నొప్పి. వైరస్ అనే కంటికి కనపడని క్రిమి దీనికి కారణం. దగ్గినా తుమ్మినా తుంపరలు పడతాయి. వాటిలో ఈ క్రిమి ఉంటుంది. బిడ్డ తుమ్మితే మనం 'చిరంజీవ' అంటాం. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే శకునం బాగాలేదని ఆగుతాం. తుంపర ఎవరి మీద పడిందో మాత్రం చూడం!

ఇంకో చిక్కు ఉంది. జ్వరం కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే ఇది అంటుతుంది. తరువాత 5 నుంచి 7 రోజుల దాకా అంటుతూనే ఉంటుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు. బడిలో ఒకే బల్ల మీద నలుగురు కూర్చుంటారు. జల్లు కొడుతోందని కిటికీలు మూస్తారు. ఇక క్రిమికి కావలసిందేముంది? సాయంత్రానికి అది ఇంటికి వస్తుంది. ఇంట్లో చంటిబిడ్డ ఉంటుంది. కడుపుతో ఉన్న కోడలు ఉంటుంది. ఉబ్బసం ఉన్న మామగారు ఉంటారు. పిల్లవాడు నాలుగు రోజుల్లో లేచి ఆడుకుంటాడు. వీళ్లకే ప్రాణం మీదికి వస్తుంది.

1918లో ఫ్లూ ఓడల్లో బొంబాయి చేరింది. అక్కడ రైలెక్కి దేశమంతా తిరిగింది. మన దేశంలో కోటి మందికి పైగా చనిపోయారు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. దేశంలో మొదటి కేసు మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది. ఆగస్టులో పుణెలో ఒక బడిపిల్ల చనిపోయింది.

జనం గుమిగూడే ఏ కట్టడమైనా బడి లాంటిదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. విజయవాడ సింగ్ నగర్ మునిగింది. ఎందరో పునరావాస కేంద్రాలకు చేరారు. దివిసీమలో తుపాను అంటే షెల్టరుకు పోతారు. అలాంటి చోట జ్వరం ఉన్నవాళ్లకు కిటికీ పక్కన, విడిగా చోటివ్వాలి. ఒకరి తల దగ్గర మరొకరి కాళ్లు వచ్చేలా పడుకోవాలి. రెండు వైపులా కిటికీలు తెరవాలి. గాలి ఆడితే క్రిమి పలచబడుతుంది.

బడిలో వంట చేసే అక్కలకు ఒక మాట. దగ్గు, జ్వరం ఉన్న రోజు వంటకు వెళ్లకండి. సంఘంలో ఇంకొకరిని పంపండి. పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. నెమ్మదిగా 1 నుంచి 20 దాకా లెక్కపెట్టేంత సేపు రుద్దాలి. అంకెలు నేర్చుకున్నది ఇందుకూ పనికొస్తుంది. నీళ్లకు ఎవరి గ్లాసు వాళ్లదే.

పైట చెంగు సంగతి కూడా చెప్పుకోవాలి. దానితోనే బిడ్డ ముక్కు తుడుస్తాం. దానితోనే కంచం తుడుస్తాం. ముక్కుకు వేరే గుడ్డ పెట్టండి. దగ్గొస్తే మోచేతి మడతలో దగ్గడం పిల్లలకు నేర్పండి.

ఫ్లూకు ఊళ్లో వేసే సూదులు, సెలైన్లు మందు కావు. యాంటీబయాటిక్ మాత్రలు ఈ క్రిమిని చంపలేవు. విశ్రాంతి, గంజి, మజ్జిగ, జ్వరం మాత్ర చాలామందికి సరిపోతాయి. ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, బిడ్డ పాలు తాగకపోయినా ఆగవద్దు. తగ్గిన జ్వరం మళ్లీ వచ్చినా అంతే. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 108కి ఫోన్ చేయాలి. కడుపుతో ఉన్నవాళ్లు జ్వరం వచ్చిన రోజే డాక్టరుకు చూపించుకోవాలి. ఫ్లూకు టీకా కూడా ఉంది. ఏటా వేయించుకోవాలి. డాక్టరును అడగండి.

మాత్ర వేయకుండానే ఒక రోజంతా జ్వరం లేకపోతే అప్పుడు బడికి పంపవచ్చు. అందాకా బిడ్డను ఎవరు చూస్తారు? అవ్వకు అప్పగించడం మన అలవాటు. అవ్వకే ఫ్లూ ప్రమాదం ఎక్కువ! పొదుపు సంఘంలో ఈ మాట మాట్లాడుకోండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తలా ఒక పూట చూసుకోవచ్చు. పంచలో, గాలి ఆడేచోట మంచం వేయండి. మరి బడి అన్నం? 2020లో కరోనాకు బడులు మూసినప్పుడు బియ్యం, గుడ్లు పిల్లల ఇళ్లకే ఇచ్చారు. జ్వరం పడ్డ పిల్లవాడి గుడ్డు అన్నతోనో చెల్లితోనో పంపమని పంతులమ్మను అడగండి.