మంచం పక్కన చట్టం



నైతికత, హక్కులు, ప్రజావిధానం కలిసే చోటు గురించి మాట్లాడమని ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ధర్మకర్తలు అడిగారు. విషయం ఎంపిక నాకే వదిలేశారు. ఆ మూడూ ఒకేసారి ఎదురుపడే చోటు, నాకు తెలిసినంతలో, ఆస్పత్రి ఐసీయూ. వెంటిలేటర్ ఎప్పుడు తీయవచ్చు, తీయమని చెప్పే అధికారం ఎవరిది, ఆ మాట చెప్పినవాళ్ల మీద కేసు పడుతుందా పడదా? ఇవాళ ఈ ప్రశ్నలకే పరిమితమవుతాను.

మన దేశంలో ఈ చట్టం పుట్టిన తీరు విచిత్రమైనది. పంజాబులో కోడలి ఆత్మహత్యకు ప్రేరేపించారన్న నేరం మీద జ్ఞాన్ కౌర్ దంపతులకు శిక్ష పడింది. వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1994లో పి. రథినం కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్‌ను అప్పటికే కొట్టేసి ఉంది. దాన్ని పట్టుకుని, చావడం హక్కే అయితే అందుకు తోడ్పడ్డవాడు నేరస్థుడెలా అవుతాడని వాదించారు. 1996లో ఐదుగురు న్యాయమూర్తులు ఆ వాదన తోసిపుచ్చారు. జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదన్నారు. ఈ వైఖరి కొత్తదేమీ కాదు: ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ అమరేశ్వరి ధర్మాసనం 309వ సెక్షన్ చెల్లుతుందని 1987లోనే చెప్పింది. అయితే జ్ఞాన్ కౌర్ తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. మరణం ఎలాగూ ఖాయమై, ఆ ప్రక్రియ మొదలైన మనిషి విషయంలో, గౌరవంగా జీవించే హక్కులో గౌరవంగా పోవడం కూడా భాగమే కావచ్చని. ఆ తర్వాత వచ్చిన చట్టమంతా ఈ ఒక్క మాట మీద లేచి నిలబడింది. కేసుకు మూలమైన ఆ కోడలి సంగతి మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనపడదు.

చంపడం వేరు, చికిత్స ఆపి పోనివ్వడం వేరు అన్న తేడా మీద తత్వవేత్తలు గట్టిగానే పోట్లాడుకున్నారు. 1975లో జేమ్స్ రేచెల్స్ ఈ తేడాను ఒక కథతో ప్రశ్నించాడు. ఆస్తి కోసం ఒకడు స్నానాలతొట్టిలో ఉన్న పిల్లవాణ్ని నీళ్లలో ముంచుతాడు. ఇంకొకడు ముంచడానికే వచ్చి, పిల్లవాడు తనంతట తానే జారిపడి మునుగుతుంటే చేతులు కట్టుకుని చూస్తాడు. రెండోవాడు ఏ విధంగా మేలు అని రేచెల్స్ అడుగుతాడు. తర్కంలో ఆయన్ని ఓడించడం కష్టం. అయినా 1993లో టోనీ బ్లాండ్ కేసులో ఇంగ్లండు ప్రభువుల సభ ఆ తేడానే ఆధారం చేసుకుంది. 1989లో హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాటలో మెదడు దెబ్బతిన్న కుర్రవాడికి ఆహారపు గొట్టం తీసేయడం హత్య కాదు, చికిత్స మానడమే అంది. న్యాయమూర్తులకు తర్కం తెలియక కాదు. మంచం పక్కన నిలబడ్డ డాక్టరుకు హంతకుడన్న పేరు రాకుండా కాపాడే గీత ఒకటి ఎక్కడో గీయాలి. ఆ గీత వంకరైనదే కావచ్చు గాని, అది లేకపోతే ఏ వైద్యుడూ వెంటిలేటర్ మీద చెయ్యి వేయడు. ఈ విషయంలో నేను తత్వవేత్తల పక్షం కాదు, ప్రభువుల పక్షమే.

మన దగ్గర 2004 డిసెంబరులో హైదరాబాదులో కండరాల క్షీణత వ్యాధితో ఉన్న ఒక యువ చదరంగం ఆటగాడి కోసం అతని తల్లి హైకోర్టుకు వెళ్లింది. అవయవాలు పాడయ్యేలోపు దానం చేస్తానన్నది ఆ కొడుకు కోరిక. అవయవ మార్పిడి మీద అప్పటి ఉమ్మడి రాష్ట్రానికి 1995 నాటి సొంత చట్టం ఉండేది. అది మెదడు పనిచేయడం ఆగిపోయాకే అవయవాలు తీయనిచ్చేది. కోర్టు కాదంది. ఆ వెంటనే అతను పోయాడు. చట్టం ప్రకారం ఆ తీర్పును తప్పుపట్టలేం. అలాగని ఆ తల్లి అడిగిందీ తప్పు కాదు.

అరుణా శాన్‌బాగ్ కేసు మీ అందరికీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ముంబయి కేఈఎం ఆస్పత్రి నర్సు. 1973 నవంబరులో దాడికి గురై 2015 మే దాకా అదే ఆస్పత్రి మంచం మీద ఉంది. ఆహారం ఆపమని పాత్రికేయురాలు పింకీ విరానీ అడిగారు. అరుణ తరఫున మాట్లాడే హక్కు ఆమెకు కాదు, ఇన్నేళ్లు సాకిన నర్సులకు ఉందని 2011 మార్చిలో సుప్రీంకోర్టు అంది. ఆ నర్సులు ఆపవద్దన్నారు. అయినా అదే తీర్పు, హైకోర్టు అనుమతితో చికిత్స ఆపవచ్చని దారి తెరిచింది.

లా కమిషన్ ఈ అంశం మీద ఇచ్చిన రెండు నివేదికలకూ అధ్యక్షులు తెలుగువాళ్లే. 2006 నాటి 196వ నివేదిక జస్టిస్ ఎం. జగన్నాధరావు గారిది, 2012 నాటి 241వ నివేదిక జస్టిస్ పి. వెంకటరామరెడ్డి గారిది. ప్రాణాంతక స్థితిలో చికిత్స ఆపడానికి చట్టపు రక్షణ ఉండాలని ఇద్దరూ సిఫారసు చేశారు. 'నాకు వెంటిలేటర్ పెట్టొద్దు' అని మనిషి ముందుగా రాసి ఉంచిన కాగితం మాత్రం చెల్లదని ఇద్దరూ అన్నారు. ఆస్తి తగాదాల్లో దొంగ వీలునామాలు ఎన్ని వచ్చాయో చూసిన మన కోర్టులవాళ్లకు ఆ భయం సహజమేనని నా ఊహ.

2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ భయాన్ని పక్కన పెట్టింది. గౌరవంగా మరణించడం రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమంది. అలాంటి కాగితం, అంటే ముందస్తు వైద్య ఆదేశం, చెల్లుతుందంది. పిటిషన్ వేసింది 2005లో. తీర్పుకు పదమూడేళ్లు పట్టిందంటే, ఈ కేసులో ఆలస్యానికి వేరే అర్థం ఉంటుంది. హక్కునైతే ఇచ్చారు గాని, దాని చుట్టూ కట్టిన కంచె చూడండి. కాగితం మీద ఇద్దరు సాక్షుల సంతకాలకు తోడు జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం. అవసరం వచ్చిన రోజున ఆస్పత్రి బోర్డు, ఆపైన కలెక్టరు వేసే మరో బోర్డు. రెండింటిలోనూ ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్న స్పెషలిస్టులు. చివరికి మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి రోగిని చూడాలి. ఆదిలాబాదులోనో పాడేరులోనో ఇది అయ్యే పనేనా? ఆచరణలో కుదరదని ఐసీయూ వైద్యుల సంఘమే తిరిగి కోర్టుకు వెళ్లింది. 2023 జనవరిలో జస్టిస్ కె.ఎం. జోసెఫ్ ధర్మాసనం సడలించింది. నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు, బోర్డుల్లో ఐదేళ్ల అనుభవం చాలు, వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి, మేజిస్ట్రేటుకు సమాచారం ఇస్తే సరిపోతుంది. మరుసటి ఏడు గోవాలో హైకోర్టు న్యాయమూర్తి ఒకరు తన ఆదేశాన్ని తానే నమోదు చేయించుకున్నారు.

ఇంతవరకూ మన పండితులు చాలా రాశారు. మంచి రాతలే. అయితే వాటిలోని రోగి ఒక ప్రత్యేకమైన మనిషి. చదువుకున్నవాడు, తన ఇష్టం తెలిసినవాడు, నోటరీ దగ్గరికి వెళ్లినవాడు, చివరిదాకా ఐసీయూ బిల్లు కట్టగలిగినవాడు. మన ఆస్పత్రుల్లో చికిత్స నిజంగా ఆగే పద్ధతి వేరు. నాలుగో రోజో ఐదో రోజో డాక్టరు బయటికొచ్చి, “ఇంక లాభం లేదు, మీ ఇష్టం” అంటాడు. అప్పటికి బంగారం తాకట్టులో ఉంటుంది. పెద్దకొడుకు ఫోన్లు చేస్తుంటాడు. కౌంటర్లో ఒక కాగితం ఇస్తారు: వైద్యుల సలహాకు వ్యతిరేకంగా, మా బాధ్యత మీద తీసుకెళ్తున్నాం అని. కింద కొడుకు సంతకం. అంబులెన్సులో చేతిపంపుతో ఊపిరి ఊదుతూ ఊరికి తీసుకెళ్తారు. ఇంటికెళ్లాక పంపు తీస్తారు. రెండు బోర్డులూ, 48 గంటలూ, మేజిస్ట్రేటూ ఎవరూ ఆ దారిలో కనపడరు.

నా ఫిర్యాదు ఇక్కడే. ఆ కాగితం అబద్ధం. తీసుకెళ్లమన్న సలహా డాక్టరుదే. వద్దన్నది రోగి కాదు, నిర్ణయించింది డబ్బు. ఐసీయూ వైద్యులు ఈ సంగతి తమ పత్రికల్లో చాలాకాలంగా రాస్తున్నారు. హక్కుల మీద రాసేవాళ్లం మనమే దాన్ని ఆర్థిక సమస్య అని ఆరోగ్య శాఖకు అప్పగించి ఊరుకున్నాం. చికిత్స నిరాకరించే హక్కు అసలైనది కావాలంటే, చికిత్స పొందగల స్థితిలో ఉండి నిరాకరించాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్ల సంగతి చాలా మారింది, కాదనను. కాని ప్యాకేజీ అనేది ఎక్కువగా నయమయ్యే రోగం చుట్టూ అల్లేది. నయంకాని రోగానికి మిగిలేది నొప్పి తగ్గించడం. ఆ నొప్పికి మార్ఫిన్ కావాలి. 1985 నాటి మత్తుమందుల చట్టం భయంతో చాలా ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014 సవరణతో లైసెన్సుల చిక్కు తగ్గింది. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో ఏళ్లుగా ఉపశమన వైద్యం చేస్తున్నవాళ్లను అడగండి. నొప్పి తగ్గాక ఎంతమంది “నన్ను చంపేయండి” అనే మాట మానేస్తారో వాళ్లు చెబుతారు. గౌరవంగా మరణించడం గురించి ఏ సెమినార్ పెట్టినా మొదటి వక్తగా ఆ వార్డు నర్సును పిలవాలి.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ నా సూచనలు మామూలువే. జిల్లా వైద్యాధికారి రెండో బోర్డుకు వేయాల్సిన వైద్యుల జాబితా ముందే తయారుచేసి ఉంచాలి, రోగి వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు వెతుక్కోకూడదు. ముందస్తు ఆదేశం దాచే బాధ్యత మునిసిపాలిటీలో, పంచాయతీలో ఏ అధికారిదో పేరు రాసి చెప్పాలి. ఇక ఆ కౌంటర్ కాగితం. అందులో ఒక గడి పెట్టమంటాను: తీసుకెళ్లడానికి కారణం ఏమిటి? డబ్బు లేక అని రాస్తే, ఆ కాపీ జిల్లా వైద్యాధికారికి వెళ్లాలి. ఏడాదికి అలాంటివి ఎన్ని వస్తున్నాయో శాసనసభకు చెప్పాలి. ఇక్కడున్న లా విద్యార్థులు ఎవరైనా తమ జిల్లా ఆస్పత్రికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ లెక్క అడగడంతో మొదలుపెట్టవచ్చు.