ఇచ్చిన అంకె, తేల్చిన అంకె

కామర్స్ పట్టభద్రులారా, మీరు మూడేళ్లుగా చేసిన లెక్కలన్నీ దాదాపు ఒకే మాటతో మొదలయ్యాయి: ‘కింది వివరాల ఆధారంగా’. ఆ వివరాలు నిజమేనా అని అడిగే పని మీకెవరూ పెట్టలేదు. అడిగినా మార్కులు రావు. ఆఫీసులో పని మొదలయ్యేదే అక్కడ. క్యాష్‌బుక్కు ఒక నిల్వ చెబుతుంది, బ్యాంకు స్టేట్‌మెంటు ఇంకొకటి చెబుతుంది. కొనుగోళ్ల రిజిస్టరులో ఉన్న బిల్లు జీఎస్టీ పోర్టల్‌లోని 2బీ స్టేట్‌మెంటులో కనిపించదు. అమ్మినవాడు రిటర్ను వేయలేదు, కొన్నవాడికి పన్ను క్రెడిట్ ఆగింది. ఆ అమ్మినవాడికి ఫోన్ చేసి, బతిమాలో గదమాయించో రిటర్ను వేయించడం ఏ సిలబస్‌లో ఉంది? అంకెను నమ్మేముందు దాని వెనకున్న కాగితం అడగడం ఇంటర్న్‌షిప్‌లోనే అలవడుతుంది.

ఇది చాదస్తం అనుకునేవారు మన హైదరాబాద్ కంపెనీ సత్యం సంగతి గుర్తుచేసుకోవాలి. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవని 2009 జనవరి 7న ఛైర్మనే లేఖలో ఒప్పుకున్నారు. బ్యాంకు ధ్రువీకరణలను ఆడిటర్లు తమ అదుపులో ఉంచుకోలేదని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011లో ఎత్తిచూపింది. బ్యాంకుకు ఉత్తరం తానే పంపడం, జవాబు నేరుగా తనకే తెప్పించుకోవడం చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర శిష్యరికం చేసే ఆర్టికల్ కుర్రాడు మొదట్లోనే నేర్చుకునే పని. ‘ఆ ఆడిటర్లూ ఆర్టికల్‌షిప్ చేసినవాళ్లేగా?’ అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. శిష్యరికం అలవాటు చేయగలదు, దాన్ని నిలబెట్టుకునే పూచీ ఇవ్వలేదు. అందుకే ఎవరి దగ్గర చేరుతున్నామన్నది స్టైపెండ్ కంటే ముందు చూసుకోవాలి.

ఇంటర్న్ అంటే చౌకగా దొరికిన కూలీ అనే మాటలోనూ నిజం లేకపోలేదు. నెలల తరబడి జిరాక్సులు తీయిస్తే సర్టిఫికెట్ వస్తుంది, విద్య రాదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ 2023 కొత్త విధానంలో ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు కుదించాక, వృథా అయ్యే ప్రతి నెలా మరింత ఖరీదైంది. అలాగని ఓచర్ ఎంట్రీని చిన్నచూపు చూడకండి, ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కిందని పట్టుకునేది అక్కడే. ఎంట్రీలన్నీ రేపు సాఫ్ట్‌వేరే చేస్తుందంటారా? చేయనివ్వండి. అది ఎక్కించిన అంకెనూ ఎవరో ఒకరు అనుమానించాలి కదా. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ‘టాలీ వచ్చా?’ అంటే గదిలో అందరూ వచ్చనే అంటారు. ‘పొంతన కుదరని లెక్కను ఎప్పుడైనా తేల్చారా, ఎలా?’ అని అడిగినప్పుడు మాత్రం, ఏదో ఒక ఆఫీసులో బిల్లుల కట్టలు విప్పినవారికే చెప్పడానికి ఏదైనా ఉంటుంది.