సెలవుల్లో నాలుగు పరిచయాలు

సెమిస్టర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన పిల్లలు ముందు కంటినిండా నిద్రపోవాలి, న్యాయమే. మిగిలిన సెలవుల్లో కొంత సమయం ఉద్యోగానికి దారి చూపగల మనుషులతో మాట్లాడటానికి ఉంచుకోమని నా మనవి.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన పలకరించారు. ఆ తెలిసిన మనిషిని తరచూ కలుస్తుండేవారు వాళ్లలో సుమారు 17 శాతమే. మిగతావారు అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవారు. మన ప్రాణస్నేహితులకు తెలిసిన సంగతులు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు కాస్త దూరపు మనిషి దగ్గరే దొరుకుతుంది.

కాబట్టి రెండేళ్ల కిందట పాసైన సీనియర్‌ని, పండక్కి ఊరొచ్చిన పక్కవీధి ఇంజనీరుని పలకరించండి. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవారికి ఇలాంటి పరిచయాలు తక్కువ. మీరు మొహమాటపడకుండా లెక్చరర్లను అడగండి, పాత విద్యార్థులు వాళ్లకు గుర్తుంటారు.

"ఉద్యోగం ఇప్పించండి" అని మొదలుపెడితే అవతలివారు ఇబ్బందిపడతారు. అది చాలాసార్లు వారి చేతిలో ఉండదు. ఇలా రాయండి: "అక్కా, నేను మన కాలేజీలోనే సివిల్ మూడో సంవత్సరం. సైట్‌లో మీ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుంది. ఆదివారం పదిహేను నిమిషాలు మాట్లాడొచ్చా?" రెజ్యుమె అప్పుడే జతచేయకండి.

మాట్లాడాక ఆ సాయంత్రమే కృతజ్ఞతలు చెప్పండి. వారు నేర్చుకోమన్న సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాక ఆ సంగతీ రాయండి. చాలామంది మరిచిపోయేది ఈ రెండో కబురే.